చాయ్ గ్లాసులో ఆయుష్షు ఎంత?



మొయినాబాద్ మండలంలోని చిన్న మంగళారం, దాని చుట్టుపక్కల ఊళ్లు హైదరాబాద్‌కు కూరగాయలు, ఆకుకూరలు, పూలు పండించి పంపే ఊళ్లు. చేవెళ్ల, మొయినాబాద్ తోటల్లో కోసిన బంతి, చామంతి, గులాబీ తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరాలి. ఆలస్యమైతే ధర పడిపోతుంది. అందుకే ఈ పక్క ఊళ్లలో పనులు కోడికూతకు ముందే మొదలవుతాయి. ఆ చీకట్లో అన్నిటికన్నా ముందు వెలిగేది చాయ్ పొయ్యి. అరవై, డెబ్బై దాటిన పెద్దలు కూడా గ్లాసు చాయ్ గొంతులో పడితే తప్ప చేను వైపు కదలరు. వాళ్లలో చాలామందికి ఇది నలభై, యాభై ఏళ్ల అలవాటు.

ఈ మధ్య ఆ గ్లాసు చుట్టూ ఓ కొత్త మాట చేరింది: యాంటీఆక్సిడెంట్లు. గ్రీన్ టీ తాగితే ముసలితనం దరిచేరదని టీవీ ప్రకటన చెబుతుంది. చాయ్ విషం, వెంటనే మానేయమని ఫోన్‌లో వచ్చే వీడియో బెదిరిస్తుంది. కోడలు ఒకటి చెబుతుంది, పట్నం నుంచి వచ్చిన మనవడు ఇంకొకటి చెబుతాడు. మధ్యలో పెద్దాయన గ్లాసు చేత్తో పట్టుకుని ఆలోచనలో పడతాడు. ఆయన సందేహం న్యాయమైనది, దానికి తిన్నగా జవాబు చెప్పాలి.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. వంకాయ కోసి గిన్నెలో వదిలేస్తే కాసేపటికే నల్లబడుతుంది. కోసినచోట కణాలు చితికి, వాటిలోని ఫినాల్ పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రంగు మారతాయి. ఇదే ఆక్సీకరణం. నీళ్లలో వేస్తే గాలి తగలడం తగ్గి ముక్క తెల్లగా ఉంటుంది. మన ఒంట్లోనూ ఆక్సిజన్ ఇలాంటి పనే చేస్తుంది. తిన్న తిండి శక్తిగా మారే క్రమంలో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుట్టి కణాల పొరలను, జన్యు పదార్థాన్ని దెబ్బతీస్తాయి. వయసు మీదపడటానికి ఈ దెబ్బలు పోగుపడటమే మూలమని 1956లో డెన్హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సిద్ధాంతం చేశారు. ఆ దెబ్బను అడ్డుకునే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు. టీ ఆకు, కాఫీ గింజ, పసుపు, అల్లం, ఎర్ర గోంగూర, వీటన్నిటిలోనూ అవి ఉన్నాయి.

సిద్ధాంతం బాగుంది కదా అని మందుల కంపెనీలు యాంటీఆక్సిడెంట్లను బిళ్లలుగా చేసి అమ్మడం మొదలుపెట్టాయి. అక్కడే కథ అడ్డం తిరిగింది. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందిపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ బిళ్లలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. ఆ తర్వాత, ఏ పదార్థంలో యాంటీఆక్సిడెంట్ బలం ఎంతో అంకెల్లో చూపించే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. గాజు గొట్టంలో కొలిచిన బలం మనిషి ఒంట్లో అలాగే పనిచేయదని, ఆ అంకెలను వ్యాపారులు ప్రకటనలకు వాడుకుంటున్నారని అది చెప్పిన కారణం. కాబట్టి డబ్బా మీద యాంటీఆక్సిడెంట్ అని పెద్ద అక్షరాలు కనిపించగానే చేయి జేబులోకి పోనక్కర్లేదు.

అయితే ఆకులో, గింజలో సహజంగా ఉన్న పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్ల సంగతి వేరు. వాటిలో రక్తంలోకి చేరేది చాలా కొద్ది. అది కూడా కొన్ని గంటల్లో బయటికి పోతుంది. మిగిలిన చాలా భాగం పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమై కొత్త రూపాల్లోకి మారుతుంది. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఎక్కువగా నమ్ముతున్నదేమిటంటే, ఇవి తామే వెళ్లి ఫ్రీ రాడికల్స్‌తో తలపడటం తక్కువ. శరీరంలో ముందే ఉన్న రక్షణ వ్యవస్థను తట్టిలేపడం, రక్తనాళాలను కాస్త సడలించడం ఎక్కువ. ఆ మేలు చిన్నదే, కానీ రోజూ జరుగుతుంది. ఏళ్ల తరబడి తాగే పానీయానికి ఆ చిన్న మేలు లెక్కలోకి వస్తుంది.

ఇక టీ ఆకు. గ్రీన్ టీ, మన చాపత్త రెండూ ఒకే మొక్కవి. కోసిన ఆకును వెంటనే వేడి తగిలించి ఆరబెడితే గ్రీన్ టీ. నలిపి, గాలికి వదిలి, నల్లబడనిచ్చి ఆరబెడితే చాపత్త. కోసిన వంకాయలో జరిగిన పనే ఇక్కడ కావాలని చేయిస్తారు. అప్పుడు ఆకులోని కేటెచిన్లు అనే పదార్థాలు థియాఫ్లేవిన్లు, థియారుబిజిన్లుగా మారతాయి. చాయ్‌కి ఆ ఎర్రదనం, ఆ వగరు ఇచ్చేవి అవే. రూపం మారినా వాటి గుణం పూర్తిగా పోదు. గ్రీన్ టీ దొరలది, చాపత్త పనికిరానిది అన్న భావన సరైనది కాదు.

రుజువులు ఏమంటున్నాయి? జపాన్‌లో మియాగి ప్రాంతంలో 40 నుంచి 79 ఏళ్ల వయసున్న 40,530 మందిని 11 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం 2006లో వచ్చింది. రోజుకు 5 కప్పులు, అంతకు మించి గ్రీన్ టీ తాగే ఆడవాళ్లలో మరణాలు, ఒక కప్పు కూడా తాగని వాళ్లకన్నా 23 శాతం తక్కువ. మగవాళ్లలో 12 శాతం తక్కువ. మనకు ఇంకా దగ్గరైన లెక్క బ్రిటన్‌ది, ఎందుకంటే అక్కడ తాగేది మన లాంటి నల్ల టీ, అందులోనూ ఎక్కువమంది పాలు పోసుకునే తాగుతారు. దాదాపు 5 లక్షల మంది వివరాలతో 2022లో వచ్చిన ఆ అధ్యయనంలో, రోజుకు 2 కప్పులు, ఆపైన తాగేవాళ్లలో మరణాల ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. ఇవి గమనించి రాసిన లెక్కలు, మందును పరీక్షించినట్టు పరీక్షించినవి కావు. టీ తాగేవాళ్లకు వేరే మంచి అలవాట్లూ ఉండి ఉండవచ్చు. అయినా చాయ్ విషం అనే మాట మాత్రం ఈ లెక్కల ముందు నిలవదు.

పాలు పోస్తే గుణం పోతుందా అన్నది ఇంటింటా వినిపించే ప్రశ్న. బెర్లిన్‌లో 2007లో 16 మంది ఆడవాళ్లతో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఉత్త నల్ల టీ తాగినప్పుడు చేతిలోని రక్తనాళం బాగా విప్పారింది; పాలు కలిపి తాగితే ఆ మార్పు కనిపించలేదు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టీలోని పదార్థాలను పట్టేసుకుంటుందని వివరించారు. మరికొన్ని ప్రయోగాల్లో మాత్రం పాలు కలిపినా కేటెచిన్లు రక్తంలోకి చేరాయి. బ్రిటన్ లెక్కలో పాలు పోసుకున్నవాళ్లకూ మేలు తగ్గలేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, చాయ్‌లో పాలు పెద్ద నేరస్థుడు కాదు. రోజుకు ఒకసారైనా పాలు లేని చాయ్, నాలుగు చుక్కల నిమ్మరసంతో తాగగలిగితే మంచిదే. నిమ్మరసంలోని విటమిన్ సి టీ కేటెచిన్లు పేగులో విరిగిపోకుండా కాపాడుతుందని ప్రయోగశాలలో తేలింది. తాగలేనివాళ్లు పాల చాయ్‌ని చూసి భయపడనక్కర్లేదు.

అసలు దెబ్బ చక్కెర దగ్గర ఉంది. హోటల్ చాయ్‌లో రెండు చెంచాల చక్కెర మామూలు విషయం. చెంచాకు 5 గ్రాముల లెక్కన రోజుకు ఐదు చాయ్‌లకు 50 గ్రాములు. రోజుకు 2000 కేలరీల తిండి తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెట్టిన హద్దే సుమారు 50 గ్రాములు. 25 గ్రాములకు మించకపోతే ఇంకా మేలని అదే సంస్థ చెప్పింది. అంటే తిండిలో వేరే తీపి ముట్టకముందే చాయ్‌తోనే కోటా అయిపోతోంది. రక్తంలో పెరిగిన చక్కెర ప్రోటీన్లకు అతుక్కుపోతుంది. మూడు నెలల షుగర్ పరీక్ష అని మనం చేయించుకునే హెచ్‌బీఏ1సీ కొలిచేది సరిగ్గా ఆ అతుకునే, హిమోగ్లోబిన్‌కు చక్కెర ఎంత అంటుకుందన్నదే. అదే అతుకు రక్తనాళాల గోడల్లో, కంటి కటకంలో, చర్మంలో కూడా పడి వాటిని బిరుసుగా మారుస్తుంది. ముసలితనాన్ని తొందరపెట్టే పనుల్లో ఇది ముఖ్యమైనది. ఒక పక్క ఆకు చేసే కాస్త మేలును ఇంకో పక్క చెంచా తుడిచేస్తుంటే యాంటీఆక్సిడెంట్ల గురించి మాట్లాడుకోవడంలో అర్థం ఉండదు.

హైదరాబాద్ చాయ్ అనగానే ఇరానీ చాయ్ గుర్తొస్తుంది. దానికి మొయినాబాద్‌కు పాత బంధుత్వమే ఉంది. ఈ మండలం గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల మధ్య ఉంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఈ చెరువుల్లో గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ విడిచిపోరని పెద్దలు అనేవారు. ఇరానీ హోటళ్ల డికాషన్ దశాబ్దాలపాటు మరిగింది ఆ నీళ్లతోనే. ఇరానీ చాయ్‌కి చాపత్త మూతపెట్టిన పాత్రలో గంటల తరబడి మరుగుతుంది, పాలు వేరుగా చిక్కబడతాయి. రుచికి ఎదురులేదు. కానీ టీ ఆకులోని మంచి పదార్థాల్లో చాలా భాగం మొదటి ఐదు నిమిషాల్లోనే నీళ్లలోకి దిగిపోతుంది. ఆ తర్వాత మరిగేకొద్దీ వాటిలో కొన్ని వేడికి విరిగిపోతాయి, వగరు మాత్రం పెరుగుతుంది, దాన్ని కప్పడానికి చక్కెర పెరుగుతుంది.

చాయ్‌ని పొగలు కక్కుతుండగానే తాగడం కూడా ఇక్కడ ఒక సరదా. దీని గురించి ఇరాన్ నుంచే ఒక హెచ్చరిక వచ్చింది. ఆ దేశపు ఈశాన్యంలోని గోలెస్తాన్ ప్రాంతంలో 50,045 మందిని గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 60 డిగ్రీలు, అంతకు మించిన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు పైగా టీ తాగేవాళ్లలో అన్నవాహిక క్యాన్సర్ ముప్పు, తక్కువ వేడిగా, తక్కువగా తాగేవాళ్లకన్నా 90 శాతం ఎక్కువగా ఉంది. అంతకుముందే, 2016లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 65 డిగ్రీలు దాటిన పానీయాలను క్యాన్సర్‌కు కారణం కావడానికి అవకాశమున్నవాటి జాబితాలో చేర్చింది. కాఫీని అదే సమయంలో అనుమానితుల జాబితా నుంచి తప్పించింది. తప్పు ఆకుదీ కాదు, గింజదీ కాదు, వేడిది. మన తాతలు చాయ్‌ని సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ తాగేవారు. ఇప్పటి పిల్లలు దాన్ని మోటుతనం అనుకుంటారు. వెడల్పు సాసర్‌లో చాయ్ త్వరగా చల్లబడుతుంది. ఆ అలవాటు మళ్లీ రావాలి.

ఇక చాయ్ ఏ వేళ తాగాలన్న ప్రశ్నకు జవాబు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 2024 మే నెలలో ఇది భారతీయుల ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. చాయ్, కాఫీల గురించి అందులో చెప్పిన మాట తెలుగువాళ్లందరి చెవిన పడాల్సినది: భోజనానికి గంట ముందు, గంట తర్వాత ఇవి తాగవద్దు. వీటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. 1983లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగంలో భోజనంతోపాటు టీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం 64 శాతం, కాఫీ తాగితే 39 శాతం తగ్గింది. వగరు పాలీఫినాల్స్ మేలు చేస్తాయని ఇందాక అనుకున్నాం. ఇనుమును అడ్డుకునేవీ అవే. వేళ తప్పితే అదే పదార్థం నష్టం చేస్తుంది.

ఇది తెలంగాణలో చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. చేలో కలుపు తీసి వచ్చి, రొట్టె తింటూ చాయ్ తాగే తల్లి ఆ రొట్టెలోని ఇనుమును చాలావరకు పోగొట్టుకుంటోంది. ఆస్పత్రిలో ఇచ్చిన ఐరన్ బిళ్లను చాయ్‌తో మింగే పెద్దవాళ్లూ ఉన్నారు. ఆ బిళ్లను మంచినీళ్లతోనే వేసుకోవాలి.

కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని ఆ ఆహార మార్గదర్శకాలే చెబుతున్నాయి. 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. వయసుతో నిద్ర ఎలాగూ పలచబడుతుంది. సాయంత్రం ఆరు గంటల చాయ్‌లోని కెఫీన్ రాత్రి పదకొండుకు కూడా ఒంట్లో సగం ఉంటుందన్నమాట.

ఈ ప్రాంతపు చేలలోనే ఉండి, ఎవరూ పట్టించుకోని పానీయం ఒకటుంది. పుంటికూర, అదే గోంగూర. ఎర్ర కాడ పుంటికూరను కోయకుండా వదిలితే పూస్తుంది. పువ్వు రాలిపోయాక కాయను కప్పుతూ దళసరిగా, ఎర్రగా, పుల్లగా ఉండే రేకులు మిగులుతాయి. కొన్ని ఇళ్లలో వాటితో పచ్చడి చేస్తారు. సూడాన్, ఈజిప్టు దేశాల్లో వాటిని ఎండబెట్టి, వేడినీళ్లలో నానబెట్టి కర్కడే అనే పానీయంగా తాగుతారు. దాని ఎరుపుకు కారణమైన ఆంథోసయనిన్లు బలమైన యాంటీఆక్సిడెంట్లు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 2010లో 65 మందికి, బీపీ హద్దు అంచున ఉన్నవాళ్లకూ కాస్త దాటినవాళ్లకూ, 6 వారాలపాటు రోజుకు 3 కప్పుల చొప్పున, కొందరికి ఈ పానీయం, మిగిలినవాళ్లకు ఉత్తుత్తి పానీయం ఇచ్చారు. ఈ పానీయం తాగినవాళ్లలో పై బీపీ సగటున 7.2 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లలో 1.3 మాత్రమే తగ్గింది. బీపీ వయసుతోపాటు వచ్చే తోడు. గుండెను, మెదడును, మూత్రపిండాలను నిశ్శబ్దంగా అరగదీస్తుంది. ఆరు వారాల్లో ఏడు పాయింట్లు తక్కువేమీ కాదు. ఇందులో కెఫీన్ లేదు, ఖర్చూ పెద్దగా లేదు. బీపీ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి, మందు మానేసి దీన్ని పట్టుకోకూడదు. ఆకుకూరలు పండించే మొయినాబాద్ రైతులు రెండు సాళ్లు ఎర్ర పుంటికూరను పూతకు వదిలిపెడితే ఇంటి అవసరానికి సరిపోతుంది, పట్నంలో అమ్మకానికీ వీలుంటుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. చైనాలో చామంతి పూలను టీగా తాగుతారని విని, మార్కెట్‌కు పంపే చామంతులతో ప్రయత్నించవద్దు. దండలకు పెంచే పూలపై కొట్టే మందులు తాగడానికి లెక్కచూసి కొట్టినవి కావు.

పసుపు విషయంలోనూ తార్నాక సంస్థకు సొంత అనుభవం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించిన ప్రయోగంలో, ఏళ్లుగా పొగతాగుతున్న 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చారు. జన్యువులను దెబ్బతీసే పదార్థాలు వాళ్ల మూత్రంలో గణనీయంగా తగ్గాయి. ప్రయోగం చిన్నదే, కానీ వాడినది వంటింటి పసుపు, వంటింటి మోతాదు. పసుపులోని కుర్కుమిన్ ఒంటికి సులువుగా పట్టదు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు 1998లో కుర్కుమిన్‌తోపాటు మిరియాల్లోని పైపెరిన్ ఇచ్చి చూస్తే, రక్తంలోకి చేరడం 20 రెట్లు పెరిగింది. పసుపు పాలలో చిటికెడు మిరియాల పొడి వేసే అమ్మమ్మల పద్ధతికి ఇంతకన్నా పెద్ద సమర్థన అక్కర్లేదు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు పసుపు మోతాదు పెంచేముందు వైద్యుణ్ని అడగాలి.

అల్లం, శొంఠి, తులసి కషాయాలు రోజుకు ఒకటి రెండుసార్లయితే హాని లేదు, గొంతుకు హాయి. దాల్చినచెక్క మాత్రం అదుపులో ఉండాలి. బజార్లో దొరికే మందపాటి చెక్కలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది మితిమీరితే కాలేయానికి మంచిది కాదు. గ్రీన్ టీ సారాన్ని బిళ్లలుగా మింగడం కూడా కాలేయానికి ముప్పే. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ అనే కేటెచిన్ ఉన్న బిళ్లలు కాలేయంపై ప్రభావం చూపుతాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. కాచిన గ్రీన్ టీకి మామూలుగా ఆ బెడద లేదు. కాఫీ తాగేవాళ్లకు మన అరకు గింజలున్నాయి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందినవి. నాలుగు లక్షల మందికి పైగా అమెరికన్లతో 2012లో వచ్చిన అధ్యయనంలో కాఫీ తాగేవాళ్లకూ మరణాల ముప్పు కాస్త తక్కువగానే తేలింది. పొద్దున్నే వేడివేడి తైద జావ తాగే ఇళ్లలో చాయ్ కన్నా అదే పైచేయి; తైదల పైపొరలో పాలీఫినాల్స్ ఉన్నాయి, పైగా 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. అరవై దాటిన ఎముకలకు ఏ టీ ఆకూ అది ఇవ్వలేదు.

చివరగా, మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పక్కన చాయ్ పోసే అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. పేపర్ కప్పుల లోపల పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు 15 నిమిషాలు ఆ కప్పులో ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ 2020లో తేల్చింది. గాజు గ్లాసులు కడగడం కష్టమే, నీళ్లు కావాలి, మనిషి కావాలి. అయినా మీ దగ్గర రోజూ తాగేది మీ ఊరి పెద్దలే. వాళ్ల కోసం పది గాజు గ్లాసులు పక్కన ఉంచండి. చక్కెరను చాయ్‌లో ముందే కలపకుండా డబ్బాలో విడిగా పెట్టండి, ఎవరికి ఎంత కావాలో వాళ్లు వేసుకుంటారు.